సోమవారం పాలు పిండిందెవరు

కాగితాల ప్రకారం పూలమ్మ తప్పిపోయింది సోమవారం ఉదయం.

వయసు యాభై ఆరు. చామనఛాయ. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఒంటి మీద ఆకుపచ్చ నూలు చీర. నాగోల్‌లో మూసీ వైపు సందులో, రెండు అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిపోయిన రేకుల కొట్టంలో బర్రెలను సాకుతుంది. సోమవారం తెల్లవారుజామున పాలు పిండింది. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు.

ఇవాళ బుధవారం. ఎస్.ఐ. అరుణజ్యోతి రెండు రోజులుగా సీసీటీవీ చూస్తోంది. సోమవారం ఉదయం నుంచి మొదలుపెట్టి అన్నీ చూసింది. నాగోల్ మెట్రో కింద కెమెరా. ఎల్.బి.నగర్ చౌరస్తా కెమెరా. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు కెమెరా. ఆకుపచ్చ చీర కట్టే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఇంతమంది ఉన్నారని ఆమెకు ఈ వారమే తెలిసింది. వాళ్లలో ఒక్కరూ పూలమ్మ కాదు.

కళ్లు మండుతున్నాయి. మోకాలు లాగుతోంది. ఆదివారమంతా బోనాల బందోబస్తులో నిలబడిన కాలు అది. సోమవారం సెలవిస్తామన్నారు. ఆ సెలవులోనే ఈ కేసు వచ్చి పడింది.

హెడ్ కానిస్టేబుల్ త్రినాథరావు టీ పట్టుకొచ్చాడు. ఆయనది తెనాలి వైపు. ఇక్కడికొచ్చి పాతికేళ్లు దాటినా మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

"ఇది విన్నారా మేడమ్," అంటూ ఫోన్ తీశాడు. "మన పోలీసు గ్రూపులో పెట్టారు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఏదో వెంచర్‌లో పిచ్చిగేదె తిరుగుతోందట. వాచ్‌మన్‌ని లోపలికి అడుగు పెట్టనివ్వట్లేదట. పాపం, హండ్రెడ్‌కి ఫోన్ చేసుకున్నాడు."

"మన లిమిట్స్ కాదు గద."

"కాదండి. కాస్త నవ్వుకుంటారని చెప్పాను."

అరుణజ్యోతికి నవ్వు రాలేదు. టీ కూడా సగమే తాగింది.

గుమ్మంలో భానుప్రియ నిలబడి ఉంది. పూలమ్మ కూతురు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌గర్ల్. మూడు రోజులుగా షాపుకు పోవడం మానేసి స్టేషన్‌కు వస్తోంది. సెంట్రీకి ఆమె ముఖం అలవాటైపోయింది.

"మేడం, ఏమన్న తెలిసిందా?"

"కూసోమ్మా."

"కూసుంటే ఏడుపొస్తది మేడం. సచ్చిందో బతికున్నదో చెప్పున్రి. రెండిట్ల ఏదైనా సరే."

ఏదైనా సరే కాదని ఇద్దరికీ తెలుసు. అరుణజ్యోతి అడిగిన ప్రశ్నలనే మళ్లీ అడిగింది. వేరే పని లేకపోతే పోలీసులు చేసేది అదే.

"మీ అమ్మకు ఎవలతోనన్న లొల్లి ఉన్నదా?"

"ఎదురుంగ అపార్ట్‌మెంటోళ్లతోనే. ఈగలొస్తున్నయ్, వాసనొస్తున్నదని రోజూ కిరికిరి. మున్సిపాలిటీకి కూడ రాసిన్రు. గా పరేషాన్‌ల మా బాపు లచ్చిని అమ్మిండు."

"లచ్చి?"

"మా బర్రె మేడం. రెండు ఉండె. సుక్క, లచ్చి. దుడ్డెలప్పటి సంది ఒక్కతాననే పెరిగినయ్. ఒకటి పండుకుంటేనే ఇంకోటి పండుకునేది. లచ్చిని ఆదివారం మధు తోలుకపోయిండు. బర్రెల బేరం చేస్తడు. బాటసింగారంల ఆయన కొట్టం."

మధును ఫోన్‌లో అడిగారు. పూలమ్మను చూడలేదన్నాడు. భర్త బిక్షమయ్యను రెండుసార్లు అడిగారు. పాలు పిండిందనీ, అటు నుంచి అటే ఎటో పోయిందనీ అన్నాడు. ఫోన్ ఇంట్లోనే వదిలేసి పోయింది. మెడలో పుస్తెలు తప్ప బంగారం లేదు. ఎవరికీ ఏ లాభమూ లేని మాయమవడం అది.

"సాయంత్రం కొట్టం కాడికొస్త," అంది అరుణజ్యోతి. "మధును గూడ రమ్మంట. అందర్ని ఒక్కసారి కూసోబెట్టి అడుగుత."

కొత్తగా అడిగేదేమీ లేదు. అయినా ఆ పిల్ల ముఖం చూస్తూ ఇంకేమీ అనలేకపోయింది.

*

నాలుగు దాటాక జీపు సందులోకి తిరిగింది.

సందు మొదట్లోనే అరుపు వినబడింది. గొంతు బొంగురుపోయిన బర్రె అరుపు. రేకుల కింద సుక్క ఒక్కతే నిలబడి ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ. పక్కన గుంజ ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గుంజ వైపు మెడ తిప్పి అరుస్తోంది. తొట్టిలో గడ్డి వేసింది వేసినట్టే ఉంది.

కొట్టం ముందు శ్రీరామమూర్తి నిలబడి ఉన్నాడు. ఎదుటి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. బ్యాంకులో మేనేజరుగా రిటైరయ్యాడు. రాజమండ్రి మనిషి.

"చూస్తున్నారుగా అమ్మా. ఆదివారం రాత్రి నుంచీ ఇదే గోల. బిల్డింగు మొత్తానికి నిద్ర లేదు."

"సోమవారం ఏం చూసిన్రో ఇంకొక్కసారి చెప్పున్రి సార్."

"ఎన్నిసార్లమ్మా? రోజూ ఐదున్నరకి కాఫీ తెచ్చుకుని బాల్కనీలో కూర్చుంటాను. ఎదురుగా ఈవిడ పాలు పితుకుతూ ఉంటుంది. సోమవారమూ అంతే. ఆకుపచ్చ చీర, తలమీద కొంగు. మాకూ ఆవిడకీ పడని మాట నిజమే. అలాగని అబద్ధం చెప్పను కదా."

ఆ మాట నిజమే. అపార్ట్‌మెంట్ కెమెరాలోనూ అదే కనిపించింది. కొంగు కప్పుకుని, వీపు ఇటు పెట్టి కూర్చున్న ఆకారం. సుక్క పొట్టకు తల ఆనించి పిండుతోంది.

మధు బైక్ మీద వచ్చాడు. ముప్పై ఐదేళ్లవాడు. హెల్మెట్ తీయకుండానే నమస్తే పెట్టాడు. బిక్షమయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల గడ్డం. ఎవరు వచ్చారో కూడా తల ఎత్తి చూడలేదు.

కూర్చోవడానికి ఏదైనా ఉందేమోనని అరుణజ్యోతి లోపలికి పోయింది. బోర్లించిన బకెట్ ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకో బకెట్, మూతపెట్టి. మూత తీసింది.

పాలు. మీద నురుగు ఇంకా అణగలేదు.

"పాలెవరు పిండిన్రు?" అంది భానుప్రియ. అడిగింది పోలీసులను కాదు, తండ్రిని. "బాపూ, నిన్న నేను కూసుంటే సుక్క బకెట్ తన్నింది గద. ఒక్క చుక్క ఇయ్యలే."

"నేనే పిండిన."

"నీకెన్నడిచ్చింది? అమ్మకు తప్ప ఎవ్వలకు చేపది గద అది."

బిక్షమయ్య ఒక్కసారి తొట్టి వైపు చూశాడు.

అరుణజ్యోతి చెయ్యి గడ్డితొట్టి వెనక్కి పోయింది. అక్కడ మడత పెట్టి దోపిన పచ్చటి గుడ్డ ఒకటి ఉంది. సోమవారం సాయంత్రం వచ్చినప్పుడు కూడా చూసింది దాన్ని. పొదుగు తుడిచే గుడ్డ అనుకుని వదిలేసింది. ఇప్పుడు బయటికి లాగింది. లాగుతుంటే వస్తూనే ఉంది. ఆరు గజాలు.

ఆకుపచ్చ నూలు చీర. కొంగు తడిగా ఉంది. పాల వాసన, పేడ వాసన, చెమట.

"అమ్మ పాలచీర," అంది భానుప్రియ. "పాలు పిండేటప్పుడు గిదే కడ్తది. గిదే కట్టుకొని పోయిందన్నరు గద?"

సుక్క మళ్లీ అరిచింది.

త్రినాథరావు మెల్లగా నడిచి బిక్షమయ్య పక్కన నిలబడ్డాడు. శ్రీరామమూర్తి రెండడుగులు వెనక్కి వేశాడు. మధు హెల్మెట్ తీశాడు.

"బాపూ," అంది భానుప్రియ. "అమ్మనేం చేసినవ్?"

బిక్షమయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

*

అరుణజ్యోతి బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. కూర్చుంటే మోకాలు కలుక్కుమంది. చీరను ఒళ్లో పెట్టుకుంది. కోపం రావాల్సిన చోట ఆమెకు నీరసం వచ్చింది.

"త్రినాథరావుగారూ, జరుగున్రి. ఆయన ఎటూ పోడు."

తర్వాత శ్రీరామమూర్తి వైపు తిరిగింది.

"సార్, సోమవారం పూలమ్మ మొఖం చూసిన్రా?"

"ఆవిడేనమ్మా. రోజూ చూసే మనిషే కదా."

"మొఖం."

ఆయన తన బాల్కనీ వైపు చూశాడు. "చీర చూశానమ్మా," అన్నాడు చివరికి.

"కెమెరాల గూడ చీరనే ఉన్నది. రెండు దినాలు నేను చూసింది గూడ చీరనే."

ఈసారి భానుప్రియను అడిగింది. "ఆదివారం మీ అమ్మ ఏడున్నది?"

"ఎల్.బి.నగర్‌ల, మా ఇంట్ల. నా బిడ్డ పుట్టినరోజుండె. సాయంత్రం ఎళ్లిపోయింది."

"ఏం చీర కట్టుకొనొచ్చింది?"

"వంకాయ రంగుది. మా షాపుల నేనే తీసిచ్చిన."

"గా చీర ఇంట్ల ఉన్నదా?"

భానుప్రియ ఆలోచించింది. "లేదు మేడం. అమ్మ వాసన చూసుకుందామని ఎతికిన. దొరకలే."

"పచ్చచీర ఈడనే ఉన్నది. వంకాయ రంగు చీర లేదు. అంటే మీ అమ్మ మీ ఇంటికి కట్టుకొనొచ్చిన చీర మీదనే పోయింది. సోమవారం కాదు, ఆదివారం సాయంత్రం."

"కానీ సోమవారం పాలు..." అన్నాడు శ్రీరామమూర్తి.

"చెప్త సార్. మాది నకిరేకల్ దిక్కు పల్లె. మా తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మ దవాఖానల ఉండె. ఇంట్ల బర్రె. అమ్మకు తప్ప ఎవ్వలకు ఇయ్యదు. తెల్వని చెయ్యి తాకితే పాలు మీదికి గుంజుకుంటది. పిండకుంటేనేమో పొదుగు గట్టిపడి జరమొస్తది. అప్పుడు మా నాయిన ఏం చేసిండో తెలుసా? అమ్మ చీర సుట్టుకుండు. కొంగు కప్పుకొని పోయి కూసుండు. బర్రె వాసన చూసింది, ఇచ్చింది. మా ఊర్ల మొగోళ్లందరికి తెలిసిన సంగతే. అమ్మ వచ్చేదాంక మా నాయిన అట్లనే పిండిండు. గని కొట్టంలకు పోయేముందు బజారంత ఒకసారి చూసెటోడు, ఎవలన్న ఉన్నరా అని."

బిక్షమయ్య చేతులు ముఖం మీంచి దిగాయి.

"బిక్షమన్నా. సోమవారం పాలు పిండింది నువ్వే గద."

ఆయన తల ఊపాడు.

"ఆదివారం ఏమైంది?"

"ఆమె వచ్చేవరకు లచ్చి లేదు," అన్నాడు బిక్షమయ్య. "నాకు చెప్పకుండ ఎట్ల అమ్మినవన్నది. రోజూ ఎవల నోట్లె పడుదు అన్న. లొల్లయింది. దాని మీద గంత పావురముంటే నువ్వే పోయి తెచ్చుకో అన్న. తెస్త, తెచ్చినంకనే ఇంట్ల అడుగు పెడ్త అని ఎళ్లిపోయింది. అలిగి వాళ్లక్కింటికి పోయిందనుకున్న. ఇంతకుముందు గూడ పోయింది మేడం. పొద్దుగాల సుక్క ఒకటే అరుసుడు. పొదుగు రాయి తీర్గున్నది. ఏం చెయ్యాలె?"

"మేం వచ్చినప్పుడు ఎందుకు చెప్పలే?"

"గీ సారు అందరి ముందట చెప్పిండు, పొద్దుగాల పూలమ్మ పిండంగ చూసిన అని. అందరు నా దిక్కు చూసిన్రు. అది నేనే అని ఎట్ల చెప్పాలె మేడం? ఇన్ని బాల్కనీలున్నయ్. చీర కట్టినోడని రేపటి సంది..." ఆపేశాడు. "అవునన్న. ఆమెనే వస్తదిలే అనుకున్న. గా తర్వాత చెప్దామంటె, నువ్వే చంపినవంటరని భయమైంది."

ఒక్క ‘అవును’. దానివల్ల రెండు రోజులు తప్పు రోజు కెమెరాలు, తప్పు రంగు చీర. అరుణజ్యోతికి ఆ ముసలాయనను తిట్టే ఓపిక కూడా లేకపోయింది.

"మధూ."

మధు ఉలిక్కిపడ్డాడు.

"లచ్చి ఏడున్నది?"

"మా కొట్టంలనే మేడం."

"ఫోన్ చెయ్యి. వీడియో కాల్. నాకు చూపియ్యి."

మధు ఫోన్ తీశాడు. లాక్ తెరిచాడు. మళ్లీ మూశాడు.

"లేదు మేడం. ఆదివారం రాత్రే పోయింది. పొద్దుగాల చూస్తే గుంజకు తాడు లేదు."

"బర్రె ముడి ఇప్పుకుంటదా?"

"ఇప్పుకోదు." నేలచూపులు చూశాడు. "పూలమ్మనే తోలుకపోయిందనుకున్న. రెండు దినాలు ఆగి అడుగుదామనుకున్న. గింతల మీరు ఫోన్ చేసి ఆమె కనవడ్తలేదన్నరు. ఆఖరిసారి వచ్చింది నా కొట్టంకే అని తెలిస్తె నన్నే పట్టుకుంటరు గద మేడం. నాకు పిల్లలున్నరు."

అందరికీ ఏదో ఒక కారణం ఉంది. ఎవరి కారణమూ పెద్దది కాదు.

అరుణజ్యోతి లేచింది. "బాటసింగారం సంది నాగోల్‌కు బర్రెను నడిపిచ్చుకుంట రావాలె. రాత్రి, హైవే మీద లారీలు. ఎట్లొస్తది?"

"హైవే మీద రాదు మేడం," అంది భానుప్రియ. "అమ్మకు లారీలంటె భయం. లోపట్నుంచే వస్తది. చేన్లు, ప్లాట్లు..."

ప్లాట్లు అన్న మాట దగ్గర అరుణజ్యోతి ఆగిపోయింది. త్రినాథరావు వైపు చూసింది. ఆయన అప్పటికే ఫోన్ తీసి గ్రూపులో పొద్దున వచ్చిన మెసేజి వెతుకుతున్నాడు.

"నవ్వుకుంటారని చెప్పానండి," అన్నాడు.

*

హయత్‌నగర్ దాటేసరికి తుంపర మొదలైంది. జీపులో వెనక బిక్షమయ్య, భానుప్రియ ఎదురెదురుగా కూర్చున్నారు. మధు బైక్ మీద వెంట వస్తున్నాడు. కూతురు తండ్రి వైపు చూడలేదు. ముందు సీట్లో అరుణజ్యోతి ఒళ్లో ఖాకీ కవరు ఉంది. లోపల ఆకుపచ్చ చీర. సాక్ష్యం కాబట్టి సీలు వేసింది. అంబులెన్సుకు ఫోన్ చేసి వెంచర్ గేటు దగ్గరికి రమ్మంది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటి మట్టిరోడ్డు మీదికి తిరిగారు. వెంచర్‌కు పెద్ద ఆర్చి ఉంది. దాని మీద పెయింటు కొత్తది. లోపల ఇళ్లేమీ లేవు. ప్లాట్లకు పాతిన రాళ్లు, నడుము దాకా గడ్డి, చుట్టూ సిమెంటు పలకలు పేర్చిన ప్రీకాస్ట్ గోడ. దూరంగా ఒకచోట గోడ కూలి పలకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

ఆ పలకల ముందు ఒక బర్రె నిలబడి ఉంది.

ఒళ్లంతా బురద. మెడలో తాడు వేలాడుతోంది. గేటు తెరిచిన చప్పుడుకే తల దించి కొమ్ములు ఇటు పెట్టింది.

"లచ్చి," అంది భానుప్రియ.

వాచ్‌మన్ గేటు అవతలే ఆగిపోయాడు. "సోమవారం సంది గాడనే ఉంటది మేడం. గడ్డి రెండు నోళ్లు కొరుకుతది, మళ్ల గాడికే వస్తది. ఎవలు పోయినా పొడుస్తది. నిన్న నన్ను గేటు దాంక ఉరికిచ్చింది."

"మనిషి గొంతేమన్న ఇనొచ్చిందా?"

"గిది అరుస్తుంటే ఏమినొస్తది మేడం? అటు లారీల సప్పుడు."

ఆదివారం రాత్రి వాన పడింది. తడిసిన మట్టిలో గోడ పడిపోయింది. ఆ పక్క నుంచే నడిచి వచ్చిన మనిషి ఎక్కడుందో ఇక అడగనక్కర్లేదు. గోడపలకల సందున వంకాయ రంగు గుడ్డ కొంచెం కనిపిస్తోంది. అది కదలడం లేదు.

భానుప్రియ పరుగెత్తబోయింది. త్రినాథరావు పట్టుకున్నాడు. లచ్చి అప్పటికే నాలుగు అంగలు ముందుకు వచ్చి మట్టిని కాలితో తవ్వుతోంది.

"మంద మధ్యలో దూడ పడిపోతే ఇవి ఇలాగే నిలబడతాయండి," అన్నాడు త్రినాథరావు మెల్లగా. "మా లంకల్లో చూశాను. పులొచ్చినా కదలవనేవారు." పలకల వైపు చూశాడు. "మూడు రోజులు మేడమ్. ఇంక..."

అరుణజ్యోతి వినడం లేదు. గుడ్డ వైపు చూడడం మానేసి బర్రెను చూస్తోంది. వెనక కాళ్ల నడుమ చూస్తోంది.

"పొదుగు చూడున్రి," అంది.

"ఏమిటండి?"

"పొదుగు మెత్తగ ఉన్నది. పాలిచ్చే బర్రె. మూడు దినాల సంది ఎవలు పిండకుంటే పొదుగు రాయి కావాలె. పాలు కారాలె. నడవనే రాదు." గొంతు పెరిగింది. ఈ వారంలో మొదటిసారి. "ఎవలో పిండుతున్నరు దానికి. పండుకున్నకాన్నుంచే చెయ్యి చాపి పిండుకొని తాగుతున్నరు. ఆమె బతికున్నది."

భానుప్రియ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఇన్ని రోజులు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశారు. మత్తు ఇంజెక్షన్ తెచ్చేసరికి చీకటి పడుతుందన్నాడు. కర్రలతో తోలదామన్నాడు వాచ్‌మన్. బెదిరితే వెనక్కి పలకల మీదే తొక్కుతుంది. అంబులెన్సు వచ్చి ఆగింది. దాన్ని చూసి రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. పండ్ల లోడుతో వచ్చిన డీసీఎం డ్రైవరు, సినిమా స్టూడియోలో పని ముగించుకుని పోయే ఆడవాళ్లు, బైకుల మీది పిల్లలు. గేటు దగ్గర ఒక గుంపు తయారైంది. అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచాయి.

బిక్షమయ్య గేటు దాటి లోపలికి నడిచాడు.

"లచ్చీ. నేనే. రా బిడ్డా."

లచ్చి చెవులు కదిలాయి. తల మాత్రం ఎత్తలేదు. ఇంకో అడుగు వేస్తే బుసకొట్టి మీదికి వచ్చింది. ఆయన తడబడి వెనక్కి పడ్డాడు. మధు చేతికి తాడు ఇచ్చిన చెయ్యి ఆయనదే. అది మరిచిపోయినట్టు లేదు లచ్చి.

అరుణజ్యోతి జీపు దగ్గరికి పోయింది. ఖాకీ కవరు తీసింది. సీలు చింపింది. దీనికి తర్వాత ఎన్ని మెమోలకు జవాబు రాయాలో ఆమెకు తెలుసు. చీర తెచ్చి బిక్షమయ్య ముందు పట్టుకుంది.

ఆయన చీరను చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు. ఫోన్లు పట్టుకున్న చేతులను, గోడెక్కి కూర్చున్న పిల్లలను, మధును చూశాడు.

"మేడం... గింతమంది ఉన్నరు."

"ఉన్నరు బిక్షమన్నా."

ఆమె గుంపును తరిమే ప్రయత్నం చేయలేదు. అంతమందిని తరిమేసరికి చీకటి పడుతుంది. భానుప్రియ లేచి వచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి తండ్రి కళ్లలోకి చూసింది.

"నేను కడ్త రా, బాపూ," అంది.

షాపులో రోజుకు ఎంతమందికి కట్టి చూపిస్తుందో, ఆ చేతులు. పంచె మీదే చీర చుట్టింది. కుచ్చిళ్లు పోసి దోపింది. కొంగు తీసి నెత్తి మీద కప్పింది. గేటు దగ్గర ఎవరో నవ్వారు. ఇంకెవరో ఈల వేశారు. త్రినాథరావు అటు తిరిగి నిలబడ్డాడు. నవ్వు ఆగిపోయింది.

బిక్షమయ్య నడిచాడు.

లచ్చి కొమ్ములు దించింది. ఆయన ఆగలేదు, తొందరపడలేదు. కొంగు కొస చేత్తో ముందుకు పట్టుకున్నాడు. పూలమ్మ చేసేటట్టే నాలుకతో చప్పుడు చేశాడు. బర్రె ముక్కు ఎగపీల్చింది. ఒకసారి. ఇంకోసారి. మూతి చాపి కొంగును, ఆ తర్వాత భుజాన్ని, చేతిని వాసన చూసింది. ఆ చెయ్యి ఎవరిదో దానికి తెలిసే ఉంటుంది. అయినా తల ఎత్తింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆయన తాడు పట్టుకున్నాడు. త్రినాథరావు, అంబులెన్సు వాళ్లు వెనక నుంచి పరుగెత్తారు.

పూలమ్మ పలకల నడుమ గడ్డిలో వెల్లకిలా ఉంది. ఎడమ కాలు మోకాలి కింద పలక చివర ఇరుక్కుని వాచిపోయింది. జ్వరంతో ఒళ్లు కాలుతోంది. పెదాల పక్కన పాలచారలు ఎండిపోయి ఉన్నాయి. పలక ఎత్తుతుంటే మూలిగి కళ్లు తెరిచింది. మొదట ఆకుపచ్చ చీర కనిపించింది. చాలాసేపటికి ఆ చీరలో ఉన్న మనిషి కనిపించాడు.

"సుక్కకు పిండినవా?" అంది. గొంతు గాలిలా ఉంది.

"పిండిన. పొద్దుమాపు పిండుతున్న."

"నీకిచ్చిందా? ఎట్ల?"

బిక్షమయ్య కొంగు పట్టుకుని చూపించాడు. "గిట్లనే."

స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. గేటు వైపు మోస్తుంటే ఆయన ఒక చేత్తో లచ్చి తాడు, ఇంకో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాడు. కొంగు జారి మెడ మీద పడింది. నెరిసిన గడ్డం, బట్టతల అందరికీ కనిపిస్తున్నాయి. గుంపు రెండుగా చీలింది. ఫోన్లు ఇంకా దిగలేదు.

పూలమ్మ వాళ్లందరినీ చూసింది. ఆయన చెయ్యి లాగింది.

"కొంగు మీదికి గుంజుకోరాదయ్యా. అందరు చూస్తున్నరు."

"చూడనియ్యే," అన్నాడు బిక్షమయ్య.